గోడ కట్టనివ్వని మందు

1940లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎ.డి. గార్డ్‌నర్ అనే బాక్టీరియా నిపుణులు పెనిసిలిన్ కలిపిన ద్రవంలో బాక్టీరియాను పెంచి మైక్రోస్కోపులో చూశారు. అంతకు కొద్ది నెలల ముందే, మే 25న, ఆయన సహోద్యోగులు ఫ్లోరీ, చెయిన్, హీట్లీల బృందం ఎనిమిది ఎలుకలకు ప్రాణాంతకమైన స్ట్రెప్టోకోకస్ ఎక్కించి, వాటిలో నాలుగింటికి మాత్రం పెనిసిలిన్ ఇచ్చింది. తెల్లవారేసరికి మందు పడని నాలుగూ చనిపోయి ఉన్నాయి. మందు పడిన నాలుగూ బతికే ఉన్నాయి. మందు పనిచేస్తుందని తేలిపోయింది. ఎలా పనిచేస్తుందన్నదే ఎవరికీ అంతుపట్టలేదు.

గార్డ్‌నర్ చూసిన దృశ్యం ఆ చిక్కును ఇంకాస్త పెంచింది. చంపడానికి చాలనంత తక్కువ మోతాదులో పెనిసిలిన్ తగిలిన బాక్టీరియాలు కొన్ని ముడుచుకుపోలేదు, మందగించలేదు. పొట్టి కడ్డీల ఆకారంలో ఉండవలసినవి పొడుగాటి పోగులుగా సాగిపోయాయి. గుండ్రంగా ఉండవలసినవి ఉబ్బిపోయాయి. అవి పెరుగుతూనే ఉన్నాయి, కానీ పెరిగినవి రెండుగా విడిపోలేకపోతున్నాయి.

విషమైతే పెరుగుదలను ఆపాలి కదా? పెరగనిస్తూ చంపే మందు ఎటువంటిది? రెండేళ్ల తర్వాత, 1942లో, న్యూయార్క్‌లో గ్లాడిస్ హాబీ, ఆమె సహచరులు మరో ముక్క కలిపారు. పెరుగుతున్న బాక్టీరియాలనే పెనిసిలిన్ చంపుతుంది. తిండి లేకనో, చల్లదనం వల్లనో పెరగకుండా ఊరకే ఉన్నవాటిని అది ఏమీ చేయలేదు. నేను ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నదంతా ఈ రెండు పరిశీలనల నుంచే పుడుతుంది. పెనిసిలిన్ బాక్టీరియా గోడను బద్దలు కొడుతుందని పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటాం. బద్దలు కొట్టేది పెనిసిలిన్ కాదు. ఆ పని బాక్టీరియా తనంతట తానే, పెరగడం కోసం, రోజంతా చేసుకుంటూ ఉంటుంది. మళ్లీ కట్టుకోవడాన్ని మాత్రమే మందు ఆపుతుంది.

అసలు దానికి గోడ ఎందుకో ముందు చూద్దాం. బాక్టీరియా లోపల ప్రోటీన్లు, లవణాలు, చక్కెరలు, కేంద్రకామ్లాలు చిక్కగా కూరి ఉంటాయి. బయట ఉన్నది చాలాసార్లు పలచని నీరు. ద్రవాభిసరణ సూత్రం ప్రకారం బయటి నీరు లోపలికి చొచ్చుకు వస్తూనే ఉంటుంది. అలా చేరిన నీటి వల్ల లోపల పుట్టే ఒత్తిడి ఇ. కొలైలో ఒకటి నుంచి మూడు వాతావరణ పీడనాల దాకా ఉంటుందని, చీముపొక్కులకు కారణమయ్యే స్టఫిలోకోకస్‌లోనైతే ఇరవైకి చేరుతుందని అంచనా. మామూలు సైకిల్ టైరులో మనం కొట్టే గాలి సాధారణంగా మూడు నాలుగు వాతావరణాలకు మించదు. ఆ సైకిల్‌నే ఇంకాస్త ఉపయోగించుకుందాం. లోపలి ట్యూబు గాలిని పట్టి ఉంచుతుందే తప్ప ఒత్తిడిని తట్టుకోలేదు, తట్టుకునేది టైరు. బాక్టీరియాకు ట్యూబు దాని కణత్వచం, కొవ్వు పదార్థాలతో అయిన పలచని పొర. టైరు దాని కణకవచం, అంటే మనం చెప్పుకుంటున్న గోడ. టైరు ఒకచోట చీలిందనుకోండి. ఆ చీలికలోంచి ట్యూబు బుడిపెలా పొడుచుకు వచ్చి, చివరికి ఢామ్మని పేలుతుంది. పెనిసిలిన్‌లో ఉన్న ఇ. కొలైని వీడియో తీస్తే సరిగ్గా ఇదే కనిపిస్తుంది. కడ్డీ మధ్య భాగంలో ఎక్కువగా ఒక బుడిపె లేస్తుంది, పెద్దదవుతుంది, మరుక్షణం లోపలి పదార్థమంతా బయటికి చిమ్మి, ఖాళీ తొక్క మిగులుతుంది.

మన శరీర కణాలకు ఈ బాధ లేదు. మన మూత్రపిండాలు రక్తంలోని లవణాలను, నీటిని కణాల లోపలి చిక్కదనానికి సరితూగేలా చూస్తూ ఉంటాయి కాబట్టి, మన కణాలు గోడ లేకుండానే నెట్టుకొస్తాయి. గోడ మీద పనిచేసే మందు మన ఒంట్లో గ్రాములకొద్దీ తిరిగినా, దానికి పట్టుకోవడానికి ఇక్కడ ఏమీ దొరకదు. కొందరికి పెనిసిలిన్ పడకపోవడం నిజమే. అది అలర్జీ, మందు అసలు పనితో దానికి సంబంధం లేదు.

గోడ పదార్థం పేరు పెప్టిడోగ్లైకాన్. రెండు రకాల చక్కెర అణువులు ఒకటి విడిచి ఒకటి వరుసగా చేరి పొడుగాటి గొలుసులవుతాయి. వాటిలో ఒకటైన మ్యూరామిక్ ఆమ్లం ప్రకృతిలో బాక్టీరియాకే సొంతం. ప్రతి మ్యూరామిక్ ఆమ్లానికీ నాలుగైదు అమైనో ఆమ్లాల తోక వేలాడుతుంది. ఒక గొలుసు తోక పక్క గొలుసు తోకతో ముడిపడుతుంది. ఇలా అడ్డంగా నిలువుగా ముడులు పడి, బాక్టీరియా చుట్టూ ఎక్కడా అతుకు లేని అల్లిక తయారవుతుంది. 1964లో జర్మనీకి చెందిన వైడెల్, పెల్జర్ ఒక సంగతి ఎత్తి చూపారు. ముడులన్నీ రసాయన బంధాలే కాబట్టి ఈ గోడ మొత్తం కలిపి ఒకే ఒక్క అణువు. కణమంతటినీ చుట్టిన, సంచి ఆకారంలో ఉన్న అణువు! రసాయనశాస్త్రంలో నన్ను ఇంతగా ఆశ్చర్యపరిచిన వాక్యాలు ఎక్కువ లేవు.

ఆ తోకల్లో మరో విశేషం ఉంది. అమైనో ఆమ్లాలకు ఎల్ అని, డి అని రెండు రూపాలుంటాయి, కుడిచేయి ఎడమచేయి తేడాతో. మన ప్రోటీన్లలోనూ, బాక్టీరియా ప్రోటీన్లలోనూ ఉన్నవి ఎల్ రూపాలే. గోడ తోకల్లో మాత్రం డి రూపాలు కూడా ఉంటాయి. మామూలు ప్రోటీన్లను కోసే ఎంజైములకు ఈ డి రూపాలు లొంగవు. తోక చివర రెండు డి-అలనిన్‌లు పక్కపక్కన ఉంటాయి. పక్క గొలుసుతో ముడి వేసేటప్పుడు చిట్టచివరి డి-అలనిన్ తెగి బయటికి పోతుంది.

ఎలాగూ పారేసేదాన్ని ముందు తగిలించడం ఎందుకు? రసాయన బంధం వేయడానికి శక్తి కావాలి. కణం లోపల ఆ శక్తిని ఎ.టి.పి. ఇస్తుంది. కానీ గోడ ఉన్నది కణత్వచానికి బయట, అక్కడ ఎ.టి.పి. దొరకదు. అందుకని బాక్టీరియా లోపలే శక్తి ఖర్చుపెట్టి రెండు డి-అలనిన్‌లను జతచేసి, ఆ జతను తోక చివర పెట్టి బయటికి పంపుతుంది. బయట ఆ జత విడిపోయినప్పుడు దాని బంధంలోని శక్తే కొత్త ముడికి పనికొస్తుంది. ఈ ముడివేసే ఎంజైము పేరు ట్రాన్స్‌పెప్టిడేజ్. తన చేతిలో ఉన్న సెరిన్ అనే అమైనో ఆమ్లంతో అది తోకను పట్టుకుంటుంది, చివరి అలనిన్‌ను వదిలేస్తుంది, తోకను క్షణకాలం తనకే అంటించుకుని, తర్వాత పక్క గొలుసు తోకకు అప్పజెప్పి చేయి ఖాళీ చేసుకుంటుంది. ఆ క్షణకాలపు పట్టును గుర్తుంచుకోండి, పెనిసిలిన్ దెబ్బ తీసేది అక్కడే.

గోడ ఇంత గట్టిదైతే బాక్టీరియా పెరిగేదెలా? అనుకూల పరిస్థితుల్లో ఇ. కొలై 20 నిమిషాలకోసారి రెండవుతుంది. ఆ 20 నిమిషాల్లో లోపలి ఒత్తిడి తగ్గకుండా, ఎక్కడా నీరు కారకుండా, గోడను రెండింతలు చేసుకోవాలి. ఒకే అణువుగా ముడిపడిన సంచిలోకి కొత్త గొలుసు దూరాలంటే ముందు ఏదో ఒక ముడి తెగాలి. ఇలా జరుగుతూ ఉండాలని శాస్త్రజ్ఞులు ఎప్పటినుంచో అనుకుంటున్నారు, కానీ ఆ ముడిని కోసేది ఏదో స్పష్టంగా తేలలేదు. తేల్చింది హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. పరిశోధన సంస్థలో మంజులా రెడ్డి బృందం. 2012లో వాళ్లు ఇ. కొలైలో మూడు ఎంజైములను గుర్తించారు. మూడూ తోకల మధ్య ముడులను కోసేవే. ఒకటి లేకపోతే మిగతావి ఆ పని చూసుకుంటాయి. మూడింటినీ తీసేస్తే కొత్త పదార్థం గోడలోకి చేరడమే ఆగిపోతుంది. అంటే కోత లేనిదే పెరుగుదల లేదు. 2015లో ఆ బృందమే వీటిలో ముఖ్యమైన ఎంజైమును బాక్టీరియా ఎలా అదుపులో పెడుతుందో చూపించింది. అవసరం తీరగానే మరో ప్రోటీను సాయంతో దాన్ని ముక్కలు చేసి పారేస్తుంది. తన గోడను కోసే పదునైన ఎంజైమును ఎవరైనా ఊరికే తిరగనిస్తారా? ఈ పరిశోధనలకు మంజులా రెడ్డికి 2019లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. సి.సి.ఎం.బి. ఉన్న హబ్సిగూడ దారిలో వెళ్లే విద్యార్థులకు ఆ ఆవరణ గోడల వెనక ఇటువంటి పని జరిగిందని ఎవరైనా చెబుతున్నారో లేదో తెలియదు, చెప్పాలి.

ఇప్పుడు పెనిసిలిన్ దగ్గరికి వద్దాం. ఫ్లెమింగ్ 1928లో బూజు పట్టిన గిన్నెను గమనించిన కథ అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పను. అంతగా చెప్పుకోనిది, అంతకు ఆరేళ్ల ముందు ఆయన కనిపెట్టినది. జలుబు చేసినప్పుడు తన ముక్కు స్రావాన్ని బాక్టీరియా మీద వేసి చూస్తే అవి కరిగిపోయాయి. ఆ పదార్థానికి లైసోజైమ్ అని పేరు పెట్టి 1922లో ప్రకటించారు. అది కన్నీళ్లలో ఉంది, గుడ్డు తెల్లసొనలో ఉంది. గోడలోని చక్కెర గొలుసులను నేరుగా కోసే ఎంజైము అది. అంటే గోడను కోసేదాన్ని, గోడ కట్టనివ్వనిదాన్ని ఒకే మనిషి ఆరేళ్ల తేడాలో కనిపెట్టారు. రెండూ ఒకే గోడకు సంబంధించినవని తెలుసుకునే సాధనాలు మాత్రం అప్పటికి ఎవరి దగ్గరా లేవు.

గోడకూ పెనిసిలిన్‌కూ ముడి పెట్టే మొదటి ఆధారం అమెరికాలో జేమ్స్ పార్క్ చేతికి చిక్కింది. 1949 ప్రాంతంలో ఆయన పెనిసిలిన్ తగిలిన స్టఫిలోకోకస్‌లో ఒక వింత పదార్థం గుట్టలుగా పేరుకుపోతోందని గమనించారు. అందులో ఒక కొత్త చక్కెర, దానికి వేలాడుతున్న కొన్ని అమైనో ఆమ్లాలు. దేనికి పనికొస్తుందో తెలియదు. గోడ పదార్థాన్ని విడదీసి విశ్లేషించడం ఇతరులు నేర్చుకున్నాక లెక్కలు సరిపోయాయి. 1957లో పార్క్, స్ట్రోమింగర్ కలిసి ఆ గుట్ట గోడకు పోవలసిన సరుకేనని ప్రకటించారు. సరుకు తయారవుతోంది, గోడ లేవడం లేదు.

1956లో జాషువా లెడర్‌బర్గ్ చేసిన ప్రయోగం నాకు వీటన్నిటిలోకీ ఇష్టం, ఎందుకంటే దానికి పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. ఆయన ఇ. కొలైకి పెనిసిలిన్ ఇచ్చారు, కానీ మామూలు ద్రవంలో కాదు, చిక్కటి పంచదార ద్రావణంలో. బయటి ద్రవం చిక్కగా ఉంటే నీరు లోపలికి దూసుకు రాదు, ఒత్తిడి పెరగదు. కడ్డీలు తమ ఆకారం పోగొట్టుకుని గోళాలయ్యాయి, పగల్లేదు, చావలేదు. పెనిసిలిన్‌ను తీసేస్తే మళ్లీ గోడ కట్టుకుని కడ్డీలయ్యాయి. పంచదార లేని నీళ్లలో వేస్తే పగిలిపోయాయి. పెనిసిలిన్ విషం కాదని ఇంతకంటే శుభ్రంగా రుజువు చేయడం కష్టం. దాని పని గోడ దగ్గరే, చంపేది ఒత్తిడి.

మరి ఏ మెట్టు దగ్గర అడ్డుపడుతుంది? దీనికి జవాబు పెనిసిలిన్ ఆకారంలోనే ఉంది. 1945లో డొరొతీ హాడ్జ్‌కిన్ ఎక్స్-కిరణాలతో ఆ ఆకారాన్ని బయటపెట్టారు. నాలుగు పరమాణువుల చతురస్రపు వలయం, బీటా-లాక్టమ్. కార్బన్ బంధాలకు సహజమైన కోణాలు అంత చిన్న వలయంలో ఇమడవు, అందుకని అది ఎప్పుడెప్పుడు తెరుచుకుందామా అన్నంత బిగువులో ఉంటుంది. అలాంటి వలయం ప్రకృతిలో ఉంటుందని చాలామంది రసాయనవేత్తలు నమ్మలేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 1965లో, టిప్పర్, స్ట్రోమింగర్ పెనిసిలిన్ నమూనాను గోడ తోక చివరి రెండు డి-అలనిన్‌ల నమూనా పక్కన పెట్టి చూశారు. రెండూ ఒకే పోలిక! ముడివేసే ఎంజైము పెనిసిలిన్‌ను తోక అనుకుని సెరిన్‌తో పట్టుకుంటుంది. పట్టుకోగానే బిగువులో ఉన్న వలయం తెరుచుకుని సెరిన్‌కు అంటుకుపోతుంది. మామూలుగానైతే ఎంజైము పట్టు క్షణకాలమే, చివరి అలనిన్ జారిపోయి పక్క తోక వచ్చే దారి తెరుచుకుంటుంది. పెనిసిలిన్ విషయంలో వలయం తెరుచుకున్నా దానిలో ఏ ముక్కా విడిపోదు, మొత్తం అక్కడే ఉండి దారి మూసేస్తుంది. గంటల తరబడి ఆ ఎంజైముకు చేయి ఖాళీ కాదు.

గార్డ్‌నర్ చూసిన పోగుల సంగతి 1975లో బ్రయన్ స్ప్రాట్ తేల్చారు. ఇ. కొలైలో పెనిసిలిన్‌ను పట్టుకునే ప్రోటీన్లు ఒకటి కాదు, అనేకం. ఒకటి పొడవు పెంచే పనిలో ఉంటుంది, ఇంకొకటి కడ్డీ ఆకారాన్ని నిలబెడుతుంది, మరొకటి కణం మధ్యలో అడ్డుగోడ కట్టి రెండుగా విడదీస్తుంది. తక్కువ మోతాదులో మందు ముందుగా అడ్డుగోడ కట్టే ప్రోటీనును పట్టుకుంటే, మిగతావి తమ పని తాము చేసుకుపోతాయి. కణం సాగుతూ పోతుంది, విడిపోదు. 35 ఏళ్లకు ఆ చిక్కు విడింది.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. కొత్త ముడులు పడకపోతే గోడ పెరగడం ఆగాలి, అంతే. ఉన్న గోడ ఉన్నట్టే ఉండాలి కదా, పగలడం ఎందుకు? 1970లో అలెగ్జాండర్ టొమాజ్ బృందం న్యుమోనియా కలిగించే బాక్టీరియాలో ఒక రకాన్ని చూపింది. దానిలో గోడను కోసే ఎంజైములు సరిగా పనిచేయవు. పెనిసిలిన్ ఇస్తే అది పెరగడం ఆగిందే కాని పగల్లేదు. పగలగొట్టేది మందు కాదు, బాక్టీరియా సొంత కోతే. 2014లో హార్వర్డ్‌లో బెర్న్‌హార్ట్ ప్రయోగశాల ఇంకో మెట్టు దిగి చూసింది. ముడివేసే ఎంజైముకు పెనిసిలిన్ అడ్డుపడినా, గొలుసులు అల్లే ఎంజైము ఆగదు. అది అల్లుతూ పోతుంది. ముడిపడని ఆ గొలుసులను మరో ఎంజైము అప్పటికప్పుడు నరికేస్తుంది. అల్లడం, నరకడం, మళ్లీ అల్లడం. కణం తన శక్తినీ సరుకునూ ఈ పనికిరాని చక్రంలో తగలేసుకుంటుంది. మందు ఒక్క యంత్రాన్ని ఆపడంతో సరిపెట్టుకోకుండా, మిగతా యంత్రాలను కణం మీదికే ఉసిగొల్పుతోందన్నమాట.

ఈ సంగతి తెలియక ముందు వైద్యులకు ఒక చేదు అనుభవం ఎదురైంది. దానిలో మన తెలుగువారి పాత్ర ఉన్న మందు కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన విభాగాన్ని నడిపిస్తున్నప్పుడు, అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. 1948లో అది వెలుగులోకి వచ్చింది, టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిది. అది గోడ జోలికి పోదు. బాక్టీరియాలో ప్రోటీన్లు తయారయ్యే రైబోజోములను అడ్డుకుంటుంది, దానితో పెరుగుదల ఆగిపోతుంది. రెండు మంచి మందులు కలిస్తే ఇంకా మంచిదని ఎవరైనా అనుకుంటారు. 1951లో లెప్పర్, డౌలింగ్ అనే వైద్యులు న్యుమోకోకస్ వల్ల మెదడు పొరల వాపు వచ్చిన రోగుల ఫలితాలు ప్రకటించారు. పెనిసిలిన్ ఒక్కటే ఇచ్చినవారికంటే, పెనిసిలిన్‌తో ఆరియోమైసిన్ కలిపి ఇచ్చినవారే బాగా ఎక్కువగా చనిపోయారు. ఆరియోమైసిన్ పెరుగుదలను ఆపింది. పెరగని బాక్టీరియా గోడను కోసుకోదు. కోత లేనప్పుడు, మళ్లీ కట్టనివ్వని మందుకు పని లేదు. ఏ మందూ చెడ్డది కాదు, ఒకదాని దారికి ఇంకొకటి అడ్డం నిలిచింది.

డాక్టర్లు అమాక్సిసిలిన్‌ను ఎనిమిది గంటలకోసారి వేసుకోమనడం వెనక ఉన్నదీ ఈ తర్కమే. ఒకేసారి పెద్ద మోతాదు ఇచ్చి ప్రయోజనం లేదు. బాక్టీరియా కొత్త ఎంజైములను తయారు చేసుకుంటూనే ఉంటుంది కాబట్టి, అవసరమైన స్థాయిలో మందు ఎంతసేపు ఒంట్లో నిలిచిందన్నదే లెక్క. మధ్యాహ్నం మాత్ర మరిచిపోయి రాత్రి రెండు వేసుకుంటే ఆ లోటు పూడదు, ఆ మధ్య గంటల్లో బతికినవి గోడ సరిచేసుకుంటాయి. ఇంకో చిక్కు 1944లో జోసెఫ్ బిగ్గర్ చూశారు. కోట్లకొద్దీ స్టఫిలోకోకస్‌ల మీద పెనిసిలిన్ పోస్తే అన్నీ చావవు, ఏ కొద్దిపాటివో మిగులుతాయి. వాటిని మళ్లీ పెంచితే వాటి సంతతి పెనిసిలిన్‌కు మామూలుగానే చస్తుంది. అంటే వాటికి ప్రత్యేక నిరోధం ఏమీ లేదు. మందు వచ్చిన సమయానికి అవి పెరగకుండా నిద్రావస్థలో ఉన్నాయి, అంతే. మందు వెళ్లిపోయాక లేచి మళ్లీ మొదలుపెడతాయి.

గోడ లేనిచోట ఈ మందులకు పని లేదు. జలుబు, ఫ్లూ, డెంగీ వైరస్‌ల వల్ల వస్తాయి. వైరస్‌కు గోడ లేదు, పెరుగుదల లేదు, దానికి కణమే లేదు. జలుబుకు మెడికల్ షాపులో నాలుగు అమాక్సిసిలిన్ క్యాప్సూళ్లు కొని మింగే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. ఆ క్యాప్సూళ్లు జలుబును తాకవు. పేగుల్లో, గొంతులో హాయిగా బతుకుతున్న బాక్టీరియాలను మాత్రం తాకుతాయి, వాటిలో తట్టుకోగలిగినవాటిని ఏరి మిగుల్చుతాయి. మైకోప్లాస్మా అనే బాక్టీరియాలకు పుట్టుకతోనే గోడ లేదు, అవి తెచ్చే న్యుమోనియాకు పెనిసిలిన్ జాతి పనికిరాదు. క్షయ బాక్టీరియాకు గోడ ఉంది గాని దాని మీద మైనం లాంటి మందపాటి కొవ్వు ఆమ్లాల పొర కూడా ఉంది. అందుకే క్షయ రోగులకు ఇచ్చే మాత్రల్లో ఐసోనియాజిడ్ ఆ కొవ్వు ఆమ్లాల తయారీని, ఇథాంబుటాల్ వాటి కింది చక్కెర పొర తయారీని అడ్డుకుంటాయి. దారి వేరైనా గోడ మీదే గురి.

గోడ మందమూ అన్నిటికీ ఒకటి కాదు. 1884లో బెర్లిన్‌లో పనిచేస్తున్న డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ గ్రామ్ వేసిన ఊదారంగు కొన్ని బాక్టీరియాలకు పట్టింది, కొన్నిటికి సారాయితో కడగగానే వదిలిపోయింది. రంగు పట్టి ఉంచుకున్నవాటికి మందపాటి గోడ. వదిలేసినవాటికి కొద్ది నానోమీటర్ల పలచటి గోడ, కానీ దాని బయట ఇంకో త్వచం. ఆ బయటి త్వచాన్ని దాటలేకే తొలి పెనిసిలిన్ ఇ. కొలై వంటివాటి మీద అంతగా పనిచేయలేదు. 1961లో వచ్చిన ఆంపిసిలిన్‌లో రసాయనవేత్తలు ఒక చిన్న అమైనో గుంపు తగిలించారు. దానితో అది బయటి త్వచంలోని సన్నని రంధ్రాల్లోంచి దూరగలిగింది. అమాక్సిసిలిన్ దాని తోబుట్టువే.

బాక్టీరియా ఎదురుదెబ్బ మొదటి నుంచీ ఉంది. 1940 డిసెంబరులోనే, అంటే ఆక్స్‌ఫర్డ్‌లో మొదటి రోగికి పెనిసిలిన్ ఎక్కించక ముందే, ఏబ్రహాం, చెయిన్‌లు పెనిసిలిన్‌ను నాశనం చేసే ఎంజైము బాక్టీరియాలో ఉందని ప్రకటించారు. ఆ జాతి ఎంజైములకే తర్వాత బీటా-లాక్టమేజ్‌లని పేరు వచ్చింది. వాటిలో చాలావాటి ఆకారం చూస్తే అవి ముడివేసే ఎంజైముల వంశంలోంచే పుట్టాయని తెలుస్తుంది. వీటికీ సెరినే ఉంది, ఇవీ పెనిసిలిన్‌ను పట్టుకుంటాయి. ఒక్కటే తేడా, పట్టుకున్నాక నీటి అణువును ఒకదాన్ని తెచ్చి, తెరుచుకున్న వలయాన్ని వదిలించుకుంటాయి. చేయి ఖాళీ అవుతుంది, ఇంకోదాన్ని పట్టుకుంటాయి. ఉరి పడిన ఎంజైము బంధువే ఉరిని తెంచే విద్య నేర్చుకుంది.

దానికి మనిషి వేసిన ఎత్తు ఇప్పుడు ప్రతి మెడికల్ షాపులోనూ ఉంది. జనం 625 అని అడిగే మాత్రలో 500 మిల్లీగ్రాములు అమాక్సిసిలిన్, 125 మిల్లీగ్రాములు క్లావులానిక్ ఆమ్లం. ఈ రెండోది బాక్టీరియాను దాదాపు ఏమీ చేయదు. బీటా-లాక్టమేజ్‌ను తన మీదికి ఆకర్షించి, దానికి అంటుకుపోయి పనికిరాకుండా చేస్తుంది, ఆ సందులో అమాక్సిసిలిన్ గోడ దగ్గరికి చేరుతుంది. దీనికి కూడా లొంగని ఎంజైములు వచ్చాయి. న్యూఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి స్వీడన్ వెళ్లిన ఒక రోగిలో 2008లో దొరికిన క్లెబ్సియెల్లా అనే బాక్టీరియాలో ఉన్నది అలాంటిదే. సెరిన్ బదులు జింక్ సాయంతో పనిచేసే ఎన్.డి.ఎం.-1. చివరి దాకా దాచుకునే కార్బపెనెమ్ మందులను కూడా అది విరిచేస్తుంది. దానికి మన రాజధాని పేరు పెట్టారని దేశంలో పెద్ద దుమారం లేచింది. ఆ కోపం అర్థం చేసుకోదగినదే. కానీ ఆ దుమారంలో అసలు ఎంజైము గురించి, అది ఎంత సులువుగా ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి జన్యుముక్క రూపంలో దూకుతుందన్నదాని గురించి జరగవలసినంత చర్చ జరగలేదన్నది నా బాధ.

స్టఫిలోకోకస్ ఇంకో దారి తొక్కింది. బీటా-లాక్టమేజ్‌కు లొంగని మెథిసిలిన్ బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చిన కొద్ది కాలానికే, 1961లో, దానికీ లొంగనివి బయటపడ్డాయి. అవి మందును విరవవు. ముడివేసే ఎంజైమునే ఇంకోటి తెచ్చుకున్నాయి, పెనిసిలిన్ జాతి మందులు సులువుగా అంటుకోలేనిదాన్ని.

ఇటువంటివాటికి వాడే వాంకోమైసిన్ బోర్నియో అడవి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి 1950లలో వచ్చింది. దాని పద్ధతే వేరు. అది ఎంజైము జోలికి పోకుండా, ఎంజైము పట్టుకోవలసిన తోక చివరి రెండు డి-అలనిన్‌లనే గట్టిగా కప్పేస్తుంది. ఎంజైమును మార్చుకున్నా లాభం లేదు, సరుకే మూతపడింది. దశాబ్దాల పాటు దానికి నిరోధం అరుదుగా ఉండిపోయింది. 1980ల చివరికి ఎంటరోకోకస్‌లో జవాబు వచ్చేసింది. చివరి డి-అలనిన్ బదులు డి-లాక్టిక్ ఆమ్లం. తేడా ఒక నైట్రోజన్ ఉండవలసిన చోట ఒక ఆక్సిజన్, అంతే. ఆ ఒక్క మార్పుతో వాంకోమైసిన్ పట్టు వెయ్యి రెట్లు సడలిపోతుంది.

2015లో బోస్టన్‌లో కిమ్ లూయిస్ బృందం టైక్సోబాక్టిన్ అనే కొత్త పదార్థాన్ని ప్రకటించింది. ప్రయోగశాలలో పెరగని మట్టి బాక్టీరియాలను వాటి మట్టిలోనే పెంచి తీసినది. గోడ సరుకును కణత్వచం దాటించే కొవ్వు అణువు ఒకటుంటుంది. దానికీ సరుకుకూ మధ్య ఉన్న ఫాస్ఫేటు, చక్కెర భాగాన్ని ఈ పదార్థం పట్టుకుంటుంది. ఆ భాగం ఏ ఒక్క జన్యువూ నేరుగా రాసిపెట్టిన ప్రోటీను కాదు కాబట్టి, ఒక ఉత్పరివర్తనతో దాన్ని మార్చుకోవడం బాక్టీరియాకు కష్టం. తొలి ప్రయోగాల్లో స్టఫిలోకోకస్‌లోనూ క్షయ బాక్టీరియాలోనూ దానికి నిరోధం పుట్టించాలని ప్రయత్నించినా పుట్టలేదు. అయితే అది కూడా బయటి త్వచం ఉన్న జాతుల గోడ దాకా చేరలేదు. ఎన్.డి.ఎం. మోసుకు తిరిగే క్లెబ్సియెల్లా, ఇ. కొలై ఆ జాతివే. మన ఆసుపత్రుల్లో ఐ.సి.యు. డాక్టర్లకు నిద్ర పట్టనివ్వనివి అవే. వాటి గోడ దగ్గరికి చేరే కొత్త దారి ఇంకా వెతుకుతున్నారు.